బిడ్డ బీపీ, బాపు బీపీ

చేతికి బీపీ మిషను వేలాడుతుండగా ఒక పేషెంటు ఓపీ వరండాలో పరుగెత్తడం నా సర్వీసు మొత్తంలో ఒక్కసారే చూశాను. సూర్యాపేట దవాఖానలో నా ఆఖరి పోస్టింగు నాటి సంగతి ఇది. కొత్తగా డ్యూటీలో చేరిన నర్సు పిల్లలు ఫోను చేసి, "మేడం, నన్ను ఓపీలో పడేశారు, పొద్దున్నుంచి బీపీలు చూడటమే పని, విసుగొచ్చేస్తోంది" అని వాపోతే ఈ ముచ్చటే చెబుతుంటాను. నా నవ్వు నాకే అడ్డొచ్చి సగం సగమే చెబుతానని వాళ్ల ఫిర్యాదు. అందుకని ఈసారి కూర్చుని రాస్తున్నాను.

మా ఇల్లు ఆంధ్రా సరిహద్దు పక్కన, కోదాడలో. ఉద్యోగం మొదట్లో మిర్యాలగూడ, తర్వాత సూర్యాపేట. పొద్దున్నే బస్సెక్కి, నిలబడి ప్రయాణం చేసి, దిగగానే ఓపీలో కూర్చునేదాన్ని. నర్సుకు కూర్చునే డ్యూటీ దొరకడం అదృష్టం కనుక బీపీలు చూసే బల్ల నాకు సింహాసనంలా ఉండేది. పక్కన మా ఆయమ్మ ఉండేది. చీటీలు తీసుకుని పేర్లు పిలవడం ఆవిడ పని. పేరు పిలిచాక ఆ మనిషి ఎవరు, ఏ ఊరు, ఏ కులం, అల్లుడేం చేస్తాడు అన్నవన్నీ రాబట్టడం ఆవిడ సరదా.

ఒకరోజు ఆయమ్మ ఒక ఆడపిల్ల పేరు పిలిచింది. ఎవరూ లేవలేదు. మళ్లీ పిలిచింది. బెంచీ చివరనుంచి నీలం చొక్కా, పొట్టి జుట్టు ఉన్న ఒక అబ్బాయి లేచాడు. అతని వెనకే ఒక నడివయసు మనిషి లేచి, "మా బిడ్డే, మా బిడ్డే" అంటూ జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు.

ఆయమ్మ చీటీ చూసింది, అబ్బాయిని చూసింది, మళ్లీ చీటీ చూసింది. నా చెవి దగ్గరికి వంగి, "ఆడపిల్లనా, మొగపిల్లగాడా?" అంది. వినపడకూడదని గుసగుసగా అడిగింది గానీ ఆవిడ గుసగుస మందుల గది దాకా వినిపిస్తుంది.

"బీపీకి వచ్చాడు. మనకి చేయి ఉంటే చాలు," అన్నాను.

అబ్బాయి ఫక్కున నవ్వాడు. జేబులోంచి హైదరాబాదు డాక్టరు రాసిచ్చిన కాగితం తీసిచ్చాడు. విషయం దాచకుండా తనే చెప్పాడు. పుట్టినప్పుడు ఆడపిల్ల అన్నారు. తనకు మాత్రం ఊహ తెలిసినప్పటినుంచీ తను మగవాణ్ణే. హైదరాబాదులో డాక్టర్లు మాట్లాడారు, రక్త పరీక్షలు చేశారు, అన్నీ బాగున్నాయన్నారు. మగ హార్మోను సూదిమందు మొదలుపెడదామనుకున్న రోజున బీపీ ఎక్కువ వచ్చింది. ఈ మందుతో కొందరికి రక్తం చిక్కబడుతుంది, బీపీ కాస్త పెరగొచ్చు, కాబట్టి ముందు అసలు బీపీ ఎంతో తేలాలి, మీ ఊరి దగ్గర నిమ్మళంగా నాలుగైదు సార్లు చూపించుకుని రా, మామూలుగా ఉంటే మొదలుపెడదాం అన్నారట. ఆ మాటలన్నీ పక్కన కూర్చుని తండ్రి కూడా విన్నాడు.

ఆయనది ఆత్మకూర్ (ఎస్) వైపు ఊరు. గొర్రెల మంద ఉంది. అబ్బాయి మిర్యాలగూడలో ఒక రైసుమిల్లులో లారీలు తూచే కాటా దగ్గర కంప్యూటరు మీద పనిచేస్తాడు. సెలవు రోజున ఇంటికొచ్చి, మర్నాడు తండ్రితో కలిసి మా దగ్గరికి వచ్చాడు.

బీపీ చూడటానికి ముందు మనిషి కాసేపు ఊరికే కూర్చోవాలి. కాళ్లు నేలమీద ఆనాలి, వీపు కుర్చీకి ఆనాలి, నోరు మూసుకోవాలి. అబ్బాయి అన్నీ చేశాడు. తండ్రి నోరే మూతపడలేదు.

"సిస్టరమ్మా, నువ్వే చెప్పు. గింత కష్టపడి పెంచితే గిదేం కోరిక? ఊర్ల అందరు అడుగుతున్నరు. నేనేం చెప్పాలె? చెప్పు బిడ్డా, నేనేం చెప్పాలె?"

"బాపూ, ఇంటికాడ మాట్లాడుకుందాం," అన్నాడు అబ్బాయి పళ్లు బిగించి.

బీపీ ఎక్కువే వచ్చింది. రాకేం చేస్తుంది?

మళ్లీ వచ్చినప్పుడు ఇద్దరూ నవ్వుకుంటూ వచ్చారు. రాజీ పడ్డారు కాబోలని సంతోషించాను. పట్టీ కడుతుంటే అబ్బాయి చేయి సన్నగా వణుకుతోంది, నోట్లోంచి ఉల్లిపాయ వాసన.

"ఏం తిన్నావు బాబూ?"

"బస్టాండుల మిర్చీలు. చాయ్ మీద చాయ్. బాపు ఎన్నడు లేంది గింత ప్రేమగ తినిపిచ్చిండు."

తండ్రి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు, చాలా శ్రద్ధగా. అప్పుడైనా నాకు అనుమానం రావలసింది. రాలేదు. ఎంత మంచి తండ్రి అనుకున్నాను. టీ తాగి రాకూడదని మందలించి పంపాను.

మూడోసారి తండ్రి లోపలికి రానే లేదు. అబ్బాయిని ఒక్కణ్ణే కూర్చోబెట్టాను. ప్రశాంతంగా ఉన్నాడు, కళ్లు కూడా మూసుకున్నాడు. పట్టీ కట్టి, గాలి కొట్టి, మెల్లగా వదులుతున్నాను. అప్పుడు కిటికీ ఊచల మధ్య తండ్రి మొహం ప్రత్యక్షమైంది.

"బిడ్డా! మన పొట్టేలు లారీ కింద పడ్డదంట!"

ఆ పొట్టేలు తల్లి చచ్చిపోతే ఈ అబ్బాయే సీసాతో పాలు పట్టి పెంచాడట. అది తర్వాత తెలిసింది. అప్పటికి నాకు తెలిసిందల్లా కుర్చీ వెనక్కి పడటం, నా చెవుల్లోంచి గొట్టాలు ఊడిపోవడం, నా బల్లమీది మిషను నన్ను వదిలి వెళ్లిపోవడం. పట్టీ చేతికే ఉంది. దానికి రబ్బరు గొట్టం, గొట్టానికి డయలు, డయలు వెనక పరుగెత్తే నేను, నా వెనక ఆయమ్మ. వరండాలో జనం గోడకు ఆనుకుని దారిచ్చారు. ఎవరికో కరెంటు షాకు పెడుతుంటే పారిపోతున్నాడని ఒక ముసలమ్మ లేచి తన చీటీ తీసుకుని ఇంటికి వెళ్లిపోయింది.

మెట్ల దగ్గర అబ్బాయి ఆగి, ఊళ్లో చిన్నాన్నకు ఫోను చేశాడు. పొట్టేలు చెట్టుకింద కూర్చుని నెమరు వేస్తోందని కబురు.

"బాపూ."

తండ్రి తలొంచుకున్నాడు.

"బాపూ, గిట్లెందుకు చేస్తున్నవ్?"

"మరి డాక్టరు చెప్పలేదా? బీపీ ఎక్కువుంటే గా సూది ఇయ్యరని!"

అంత నిజాయితీగా ఒప్పుకునే దొంగను నేను చూడలేదు. గొడవ విని మా డాక్టరమ్మ బయటికొచ్చింది. చిన్నపిల్ల, అప్పుడే పీజీ పూర్తిచేసి వచ్చింది. నవ్వకూడని చోట నవ్వు ఆపుకోవడం ఇంకా అలవాటు కాలేదు. ముఖానికి మాస్కు వేసుకుని వచ్చి, అబ్బాయిని తన గదిలోకి తీసుకెళ్లి, తలుపు వేసి, కాసేపు కూర్చోబెట్టి తనే చూసింది. మామూలుగా ఉంది. మళ్లీ చూసింది. అంతే ఉంది. మిల్లు గదిలో స్నేహితుడి డిజిటల్ మిషనుతో అతను చూసుకున్నవి కూడా బాగానే ఉన్నాయని అప్పుడు చెప్పాడు.

తండ్రి ఒప్పుకోలేదు.

"మీ మిషను ఖరాబైంది. కింద పడ్డది గద. కావాల్నంటే నాకు పెట్టి సూడుండ్రి. పొద్దుందాక గొర్లెంబడి తిరిగేటోన్ని, నాకేం బీపీ ఉంటది? నాకు ఎక్కువొస్తే మిషను ఖరాబైనట్టే!"

సరేనని కూర్చోబెట్టాను. చొక్కా చేయి పైకి మడిచి, పోలీసు ఉద్యోగానికి వచ్చినట్టు ఛాతీ విరుచుకుని కూర్చున్నాడు. గాలి కొట్టాను. చాలదు. ఇంకా కొట్టాను. చాలదు. ముల్లు ఎక్కడినుంచి దిగడం మొదలుపెట్టిందో చూసి నేను మిషను మార్చాను. రెండో చేతికి కట్టాను. డాక్టరమ్మను పిలిచాను. ఆవిడ చూసి మాస్కు తీసేసింది. ఇంక నవ్వు రావడం లేదు.

"ఎంతొచ్చింది?" అన్నాడాయన.

"బీపీ ఎక్కువుండాలని కోరుకున్నావు కదా తమ్ముడూ. ఉంది. కాకపోతే నీకు."

నేనది సరదాకి అన్నాను గానీ అబ్బాయి మొహం చూసి నాలుక కరుచుకున్నాను. అతని మొహంలో రక్తం లేదు. డాక్టరమ్మ మాత్రలు రాసింది. ఉప్పు, పచ్చళ్లు, బీడీలు తగ్గించాలని చెప్పింది. అబ్బాయి చీటీ మడిచి జేబులో పెట్టుకుని అన్నాడు:

"బాపుది దిగేదాక నేను హైదరాబాదు పోను."

"నీదేం ఆపనవసరం లేదయ్యా, నీ బీపీ బాగుంది," అంది డాక్టరమ్మ.

"నేను పట్నంల ఉంటే వారం వారం ఇంటికొచ్చి ఈయన గోలీలు ఎవరు చూస్తరు మేడం? దిగినంకనే పోత."

పొద్దున్నుంచీ ఆగని తండ్రి నోరు ఒక్కసారిగా ఆగింది. బీపీ సంగతి విని భయపడ్డాడనుకున్నాం. ఆయన లోపల ఏం లెక్క వేసుకుంటున్నాడో మాకెవరికీ తట్టలేదు.

తర్వాత తండ్రి వారం వారం వచ్చేవాడు, ఒక్కడే. బీపీ దిగేది కాదు. డాక్టరమ్మ మోతాదు పెంచింది. దిగలేదు. ఇంకో మాత్ర చేర్చింది. దిగలేదు. ఆవిడ పుస్తకాలు తిరగేసింది, కిడ్నీ పరీక్షలు చేయించింది, హైదరాబాదులో తన ప్రొఫెసరుకు ఫోను చేసింది. తండ్రి మాత్రం హాయిగా ఉన్నాడు. నాతో కబుర్లు చెప్పేవాడు. నా మాట తీరు మీద ఆయనకు ఎప్పుడూ వెక్కిరింతే.

"నీది అటు మాటనా, ఇటు మాటనా సిస్టరమ్మా? కోదాడోళ్లు బార్డర్ మీద నిలబడి మాట్లాడ్తరు."

"నా మాటకేం గానీ, మాత్రలు వేసుకుంటున్నావా?"

"ఏసుకోకపోతే? మీరిచ్చిన గోలీలు ఇంట్ల ఒక్కటన్న ఉంటే అడుగు!"

ఆ మాట అక్షరాలా నిజమని తర్వాత తేలింది.

ఒక మంగళవారం ఓపీ ముగిసే వేళకు ఆయన తువ్వాలుతో ముక్కు పట్టుకుని నడుచుకుంటూ వచ్చాడు. తెల్ల తువ్వాలు ఎర్రగా ఉంది. చొక్కా ముందంతా ఎర్రగా ఉంది. మందను అడవి పక్కకు తోలుతుంటే ఉన్నట్టుండి ముక్కులోంచి రక్తం పడటం మొదలైందట. ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కి వచ్చేశాడు.

"బిడ్డకు ఫోను చెయ్యకుండ్రి," అన్నదే ఆయన మొదటి మాట.

నేను ముక్కు నొక్కి పట్టుకున్నాను, ఆయమ్మ ముందుకు వంచి కూర్చోబెట్టింది, డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చింది. బీపీ చూసి గబగబా వార్డులో మంచం సిద్ధం చేయించింది. ఆయమ్మ ఆయన చెప్పిన మాట వింది. విని, వెంటనే బయటికి వెళ్లి బిడ్డకు ఫోను చేసింది. మా ఆయమ్మ కుతూహలం వల్ల ఓపీలో ప్రతివాళ్ల ఫోను నంబరూ ఆవిడ దగ్గర ఉండేది. ఆరోజు ఆవిడకు దండం పెట్టాలనిపించింది.

సాయంత్రానికి రక్తం ఆగింది. బీపీ కొంత దిగింది. ముక్కులో దూది పెట్టుకుని, పైకప్పు చూస్తూ పడుకున్నాడు. నేను పక్కన స్టూలు మీద కూర్చున్నాను.

"నిజం చెప్పు తమ్ముడూ. గోలీలు ఏం చేశావు?"

"పారేసిన."

"ఎక్కడ?"

"వాగుల."

"నయం. గొర్రెలకు వేయలేదు."

"ఛీ, అవేం పాపం చేసినయ్?"

నాకు నవ్వు రావలసింది, కోపం వచ్చింది. నీ బీపీ దిగితే బిడ్డ పట్నం పోతాడని, దిగకుండా చూసుకున్నావా, నీ ప్రాణం మీదికి తెచ్చుకుని మరీ ఆ పిల్లాడి దారికి అడ్డం పడుకున్నావా, నలుగురూ ఏమంటారో అన్నది అంత ముఖ్యమా అని గట్టిగానే అడిగాను. ఆయన తల తిప్పలేదు. ముక్కులో దూది వల్ల మాట ముద్దముద్దగా వచ్చింది.

"నలుగురిదేమున్నది సిస్టరమ్మా. నాలుగు రోజులు అంటరు, ఇంకో ముచ్చట దొరికితే ఇడిసిపెడ్తరు. మా ఇంటిది యాదికొస్తది. తుంగతుర్తిల పెండ్లికి పోయినం. బంతిల కూసున్నది. తినుకుంట తినుకుంట పక్కకు ఒరిగింది. నెత్తిల నరం చిట్లింది, బీపీ అన్నరు. అప్పటిదాక నేను ఆ మాటే ఇనలె. గీ బిడ్డ అప్పుడు బడికి పోతుండె. ఇప్పుడు పట్నం డాక్టరేమన్నడు? సూదితోని బీపీ ఎక్కొచ్చన్నడు. ఆయన మస్తు చెప్పిండు, నాకు గదొక్కటే ఇనపడ్డది."

నేను స్టూలు మంచానికి దగ్గరగా జరుపుకున్నాను.

"ఆడిదైతేంది, మొగోడైతేంది? నాకు బతికుంటే సాలు."

"ఈ మాట బిడ్డతో చెప్పావా?"

"ఎట్ల చెప్త? అమ్మ ముచ్చట తీస్తే ఏడుస్తది..." ఆగాడు. "ఏడుస్తడు."

నేను ట్రేలో దూది కోసం వెతికాను. దూది నా చేతిలోనే ఉంది.

అబ్బాయి మిర్యాలగూడ నుంచి బండి మీద వచ్చాడు. తలనిండా దుమ్ము, మిల్లు తవుడు. వార్డు గుమ్మంలోంచే "బాపూ!" అని అరిచాడు.

"మెల్లగ రావద్దా? గట్ల ఉరికితే బీపీ ఎక్కదా?" అన్నాడు తండ్రి.

వాగులో మాత్రల సంగతి, తుంగతుర్తి సంగతి ఆయన నోటితోనే చెప్పించాను. చెబితేగానీ నేను కదలనన్నాను. అబ్బాయి మంచం పట్టీ పట్టుకుని నిలబడి విన్నాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడ్డాడు కూడా.

"చిన్నప్పటిసంది ఆగిన బాపూ. ఇంకిన్ని దినాలు ఆగమంటే ఆగుత. నువ్వే లేకుంట పోతే నేను ఎవరి కోసం ఆగాలె? ఎవరికి చూపెట్టుకోవాలె?"

తర్వాత వాళ్లిద్దరూ ఏడ్చారు. ముక్కులో దూది పెట్టుకుని ఏడవకూడదని, మళ్లీ రక్తం వస్తుందని నేను కేకలేశాను. అది వాళ్లకు నవ్వు తెప్పించింది. నవ్వినా వస్తుందని మళ్లీ కేకలేశాను.

గుమ్మంలో నిలబడి అంతా విన్న డాక్టరమ్మ వచ్చి మంచం అంచున కూర్చుంది. ఆ పిల్లకు నవ్వు ఆపుకోవడం రాదు గానీ విడమర్చి చెప్పడం వచ్చు.

"మీకు అబద్ధం చెప్పను. ఆ సూదితో కొందరికి బీపీ పెరుగుతుంది. అందుకే ముందు చూశాం, తర్వాత కూడా చూస్తూనే ఉంటాం. రక్తం చిక్కబడుతోందేమో పరీక్ష చేస్తూ ఉంటారు. పెరిగితే మోతాదు తగ్గిస్తారు, అవసరమైతే మాత్ర ఇస్తారు. మీ ఇంటావిడకి ఎవరూ ఒక్కసారి కూడా పట్టీ కట్టి చూసి ఉండరు కదా?"

"లేదమ్మా."

"ఈ అబ్బాయికి కట్టి చూసేవాళ్లు ఇంతమందిమి ఉన్నాం. ఇప్పుడు అసలు భయపడాల్సింది మీ బీపీ గురించి."

అక్కడే ఒప్పందం కుదిరింది. తండ్రి రోజూ మాత్ర వేసుకోవాలి, కొడుకు రోజూ బీపీ చూసుకోవాలి. ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి నమ్మకం లేదు కనుక అంతా వీడియో కాల్‌లో జరగాలి. తండ్రి మాత్ర నోట్లో వేసుకుని, నీళ్లు తాగి, నాలుక చాపి చూపించాలి. ఆయన గొర్రెల మధ్య నిలబడి ఫోనుకు నాలుక చాపుతుంటే ఊళ్లోవాళ్లు ఏమనుకున్నారో తెలియదు. పొట్టేలు కూడా నాలుక చాపడం నేర్చుకుందని ఆయన చెప్పాడు. దాన్ని నేను నమ్మలేదు.

ఈసారి మాత్రలు పనిచేశాయి. కడుపులోకి పోతే పనిచేయక చస్తాయా? హైదరాబాదు వెళ్లే రోజు ఇద్దరూ ముందు నా బల్ల దగ్గరికి వచ్చారు. అబ్బాయి బీపీ బంగారంలా ఉంది. తండ్రిది కూడా దారికొచ్చింది. కాగితం మీద రాసి, సంతకం చేసి ఇచ్చాను. ఆయన లేవలేదు.

"సిస్టరమ్మా, మరి నీది?"

"నాదేంటి?"

"నీ బీపీ. ఎన్నడన్న సూసుకున్నవా?"

అందరివీ చూసే బల్ల వెనక కూర్చున్నదాన్ని, నాకు ఎవరు చూస్తారు? ఆయమ్మ అప్పటికే నా చేయి పట్టుకుంది. డాక్టరమ్మను పిలిచారు. ఆవిడ పట్టీ కట్టి, గాలి కొట్టి, ముల్లు చూసి, నా వైపు చూసింది. ఆ చూపు నేను వందలమంది పేషెంట్లను చూసిన చూపే.

తండ్రి ఆనందం చెప్పనలవి కాదు. "ఎక్కువున్నది! సిస్టరమ్మకు ఎక్కువున్నది!" అని వరండా అంతా చాటాడు. పక్కనే నిలబడి మాత్రల చీటీ రాయించాడు. ఉప్పు తగ్గించమని, పచ్చళ్లు మానమని, నేను ఆయనకు చెప్పినవన్నీ పొల్లుపోకుండా నాకే అప్పజెప్పాడు. నా నంబరు తీసుకున్నాడు. మర్నాడు పొద్దున్నే కోదాడ బస్సులో నిలబడి ఉండగా ఫోను మోగింది.

"సిస్టరమ్మా, గోలీ ఏసుకున్నవా?"

అప్పటినుంచి ఒక్క పొద్దు తప్పలేదు. నా రిటైర్మెంటు సభలో దండ వేస్తున్నప్పుడు కూడా ఫోను చేశాడు. నేను రిటైరయ్యానని, ఇంట్లో ఉన్నానని, నా కోడలు కూడా అడుగుతుందని చెప్పినా వినడు. సగం రోజులు ఆయన ఫోను వచ్చాకే నాకు మాత్ర గుర్తొస్తుందన్న సంగతి మాత్రం ఆయనకు చెప్పలేదు.

మొన్న వర్షాలు తగ్గాక ఒక పొద్దున, నేను పెరట్లో బట్టలు ఆరేస్తుంటే ఫోను మోగింది. తడి చేత్తోనే ఎత్తాను.

"సిస్టరమ్మా, గోలీ ఏసుకున్నవా?"

"వేసుకున్నా తమ్ముడూ. నువ్వు వేసుకున్నావా? జలుబు చేసిందా, గొంతు అదోలా ఉంది? అబ్బాయి ఎలా ఉన్నాడు, సూదులు సరిగ్గా వేయించుకుంటున్నాడా?"

అవతల నవ్వు. లావుగా మొదలై మధ్యలో సన్నగా చీలి, మళ్లీ లావైన నవ్వు.

"సిస్టరమ్మా, నేనే. బాపు కాదు."

నా చేతిలోని తడి చీర కింద పడింది. వెనకనుంచి అసలు తండ్రి అరుపు వినబడుతోంది. "గుర్తువట్టలేదా? గుర్తువట్టలేదా? చెప్పిన గద బిడ్డా! అచ్చం నా గొంతే!"

ఇంకోసారి అడగమన్నాను.

అబ్బాయి గొంతు సవరించుకున్నాడు. మెల్లగా, ఒక్కో మాటా నిలబెట్టి అడిగాడు.

"సిస్టరమ్మా, గోలీ ఏసుకున్నవా?"

వేసుకున్నానని మళ్లీ చెప్పాను.